ఉందీ

దోహాల రాత్రి రెండున్నర.
బయట గోడలు పగటి ఎండను ఇంకా కక్కుతున్నయి.
లోపల ఇరవై రెండు డిగ్రీలు. తెల్లలైటు బంద్, ఎర్రలైటే.
ఎలుకలకు ఎరుపు సరిగ్గ కనపడదట, వాటికది చీకటి.
నాకు డ్యూటీ.

నాలుగువందల పన్నెండు పెట్టెలు.
పొట్టు మార్చుడు, నీళ్ల సీసా చూసుడు, చెవి నంబరు రాసుడు.
సనయ్య క్యాంపుల మావోళ్లు నవ్వుతరు:
"ఇస్తారీ, ఎలుకలను సంపుటానికి జీతమిస్తరు గని
సాదుటానికి ఇచ్చేటోడు ఎవడ్రా?"
ఉన్నడు. పదహారువందల రియాళ్లు, గది కంపెనీదే.

డాక్టర్ ఇహ్సాన్‌ది సూడాన్.
ఆమె హిందీ నా అరబ్బీ అంత కుంటిది.
తొట్లె పాలపొడి కలిపిన నీళ్లు,
నీళ్లకింద కనపడని గాజుపీట.
ఎలుకను వదులుతది. అది ఈదుతది, గోడలు తడుముతది,
పీట దొరికితే నిలబడి మీసాలు దులుపుకుంటది.
తెల్లారి మళ్ల వదిలితే కొన్ని నేరుగ పోతయి.
కొన్ని నిన్నటి తొవ్వ మరిచి మళ్ల గోడలే తడుముతయి.
తుడిచి ఆరబెట్టేది నేనే.
తువ్వాలల గుండె కొట్టుకునుడు మాత్రం
తెలివిదాంది, మరుపుదాంది ఒక్క తీరే.

"ఎందుకు మరుస్తయి?" అన్న.
ఆమె కాగితంమీద రెండు గీతలు గీసింది.
ఇది తల్లిచ్చిన ప్రతి. ఇది తండ్రిచ్చిన ప్రతి.
కొన్ని జన్యువులల్ల ఒక్కటే మాట్లాడుతది.
రెండోదానిమీద ముద్ర.
చెరపలేదు, ఒక్క అక్షరం పోలేదు,
నోటిమీద వేలు, అంతే.
ఈ జన్యువుల తల్లిది ఊకుంటది, తండ్రిదే మాట.
గని మెదడుల ఒక మూల ఉన్నదట,
ఈడొచ్చినంక సుత కొత్త కణాలు పుట్టే మూల.
ఆడ మాత్రం వేలు తీసేస్తది,
ఇద్దరూ మాట్లాడుతరు.
ఒక్కరి మాట చాలదు, పుట్టేటివి తగ్గుతయి.

"ఎలుకలల్ల" అని రాసి కింద రెండుసార్లు గీసింది.
"మనిషి సంగతి ఇంకా తేలలే."

మా నాయిన తెలుగు. అమ్మ మోతుబాయి గోండు.
ఖానాపూర్ బడిల ఒకసారి అమ్మ మాటల లెక్క చెప్పిన,
క్లాసంత నవ్వింది.
ఇంటికొచ్చి అన్న: నాతోని ఆ మాట మాట్లాడకు.
మాట్లాడలే.
జ్వరమొస్తే తల నిమిరేటప్పుడు సుత తెలుగే,
తప్పుల తెలుగు.
ఆమె పోయి పదకొండేండ్లు.
కాగితంమీది వేలు ఎవరిదో
నాకు అప్పుడు ఎరుకైంది.

ఇది జన్యువుల పని కాదు, తెలుసు.
భాష నెత్తుట్ల రాదు, వింటేనే వస్తది.
ఇహ్సాన్‌ను అడిగితే నవ్వుతది, అందుకే అడగలే.

నలభై ఆరేండ్లకు అరబ్బీ నేర్చుకుంటున్న.
వాహద్, ఇత్నేన్, తలాతా,
బస్సుల, అన్నం లైన్ల, స్నానాల గదికాడ.
నిన్నరాత్రి మూడువందల ఏడో పెట్టెల కొత్త పిల్లలు,
కండ్లు తెరవని గులాబి చిక్కుడుగింజలు.
గ్లవుజుల పట్టుకొని లెక్కపెడుతున్న.
వాహద్ అందామని నోరు తెరిస్తే
ఉందీ.
అమ్మ భాషల ఒకటి. తెలుగోడు వింటే, ఉన్నదని.

రండ్. మూంద్. నాలుంగ్. సైయుంగ్.

ఆరుకాడ ఆగిపోయిన.
తల్లెలుక చూస్తున్నది.
అయిదని రాద్దామంటే
ఆరోది అరచేతుల మెసులుతున్నది.
తెలుగు అంకె వేసి, పెట్టె మూసి, చేతులు కడుక్కున్న.

పొద్దుగాల బయట దుమ్ము లేసింది,
ఆకాశంల ఎవరో పాలపొడి కలిపినట్టు.
బస్సు దారి దొరకక తడుముకుంట పోయింది.
ముప్పై ఎనిమిదో వీధికాడ దిగుతుంటే,
ఆఖరి మెట్టు కనపడక కాలు గాలిల ఊగుతుంటే,

సారుంగ్,

నేల తగిలింది.